ఒక్క బిట్టు

మంగళవారం, ప్రొద్దుటూరు

"సమాచారమంటే ఉత్త భావన గదా మేడం, కొలిచేదెట్ల?" అందో పిల్ల క్లాసులో. కొలవొచ్చని బల్లగుద్ది చెప్పాను. రెండింటిలో ఏదో తేల్చి చెబితే ఒక్క బిట్టు, కొలతకు అదే ప్రమాణమన్నాను.

సాయంత్రం కాలేజీ గేటు దగ్గర ఎవరో బైకాపాడు. "మీ మామ సాక్ష్యం చెప్పేదానికి రేపు కోర్టుకు వస్తాండాడంట గదా మేడం. పులివెందుల నుంచి ఏ దావన? ఎర్రగుంట్ల మీదనా, జమ్మలమడుగు మీదనా?"

"జమ్మలమడుగు," అన్నాను, మామ మనిషే అనుకొని.

ఇంట్లో ఆ మాట చెబితే అత్త చేతిలో చాట దించేసింది. "అది మన ముగ్గురికే గదమ్మా తెలిసింది! వాడెవడు?"

మామ తెల్లారకముందే బయల్దేరతానన్నాడు. ఫోన్ స్విచ్చాఫ్. ఎర్రగుంట్ల మీద రమ్మని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. అదీ ఒక్క బిట్టే.

ఇంతవరకూ ఒకటే టిక్కు.