సీసాలో తగ్గుతున్న గింజలు

అమ్మా,

ఇక్కడ అందరం కులాసా. నాన్న మరీ కులాసాగా ఉన్నారు, నా అనుమానమంతా అక్కడే.

మీ అల్లుడు ఏరికోరి తెప్పించి దాచుకున్న కాఫీ గింజలు సీసాలో తగ్గిపోతున్నాయి. ముందు ఆయన్నే అనుమానించాను, తరవాత పనమ్మాయిని. కానీ మా కాఫీ మర తిప్పితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఎవరూ తిప్పిన జాడ లేదు. నిన్న నాన్న పేపరు చాటు నుంచి కరకర నమిలే చప్పుడు వచ్చింది.

"నోట్లో ఏంటి నాన్నా?"

"లవంగం."

నాలుక చూపించమన్నాను. పళ్ళతో సహా నల్లగా ఉంది.

"కాఫీ తాగనని మీ అమ్మకి మాటిచ్చాను. తాగానా? నమిలాను!" అని నా మీదే ఎగిరారు.

చెల్లి కాన్పు నుంచి కోలుకుందా? పాప రాత్రుళ్ళు పడుకోనిస్తోందా? వచ్చేటప్పుడు మన పాత స్టీలు డబ్బా తీసుకురా, తాళం పడేది.

అన్నట్టు, నువ్విక్కడ మరిచిపోయిన చేతిసంచి దులిపితే అందులోంచీ అవే గింజలు రాలాయి. డాక్టరు చెప్పాడని ఇద్దరూ కలిసే కదా కాఫీ మానేశారు? ఇంతకీ నాన్నకి నమలడం నేర్పిందెవరు?

పాపకి ముద్దులు. నీకు మాత్రం జవాబు వచ్చాకే.

నీ పెద్దకూతురు