మామయ్యగారు మేడెక్కిన రోజు

వదినగారికి,

ముందు శుభవార్త. కాలు జారి పడ్డాక ఆరునెలలుగా గది దాటని మీ నాన్నగారు నిన్న మేడెక్కారు!

డాబా మీద నా వంగమొక్కలకి పురుగు పట్టింది. సబ్బునీళ్ళు కొట్టినా తగ్గలేదు. పీకి పారేస్తానని వంటగదిలో గొణుక్కుంటుంటే విని, "ఆకు తిప్పి చూశావా అమ్మాయ్? గుడ్లు వెనకే పెడతాయి" అన్నారు.

"నా కళ్ళకి ఆనడం లేదు మామయ్యా" అన్నాను. అబద్ధమే. ఆయనతో అనకండి.

ముప్పై ఏళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు పట్టిన మనిషి ఊరుకుంటారా? భూతద్దం జేబులో వేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని నేను వెనకే ఎక్కాను. స్టూలు మీద కూర్చుని ఆకు ఆకూ తిరగేశారు. గుడ్లు తుడిచేసి, పురుగుల్ని ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో పడేశారు. దొరికిన ప్రతిదానికీ "ఇదుగో దొంగ!" అని ఒకటే కేకలు.

ఆదివారం మీరు వచ్చేటప్పుడు వేపనూనె తెమ్మన్నారు.

ఈవేళ నేను లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. ఒక్కరే మెట్లెక్కేశారేమోనని పైకి పరిగెత్తాను. మొక్కల మధ్య నుంచి తలైనా ఎత్తకుండా, "ఇంత పొద్దెక్కేదాకా పడుకుంటే పురుగులు ఆగుతాయా?" అని కసిరారు.

ఆయన నన్ను కసిరి ఎన్నాళ్ళైందో వదినా! అక్కడే మెట్టు మీద కూర్చుని కడుపారా నవ్వుకున్నాను.

మీ మరదలు