నెత్తళ్ళకు కాపలా కెమెరా

జనవరి 27

మళ్ళీ తగ్గాయి. పొద్దున పట్టా మీద పరిచిన నెత్తళ్ళు సాయంత్రం ఎత్తేసరికి ఓ చేటెడు లేవు. ఎండితే చేప ముడుచుకుంటుంది, బరువు తగ్గుతుంది. అది నాకూ తెలుసు, పుట్టిందీ మెట్టిందీ ఈ వాసనలోనే. కానీ పట్టా మధ్యలో అంత ఖాళీ పడదు కదా. ఒళ్ళు మండి పెరడంతా వినపడేలా అన్నాను... "ఈ కాకులకి చేటలు పట్టే చేతులు ఎప్పుడొచ్చినయ్యో!"

అవతలి పట్టా దగ్గర తోడికోడలు లక్ష్మి ఉంది. చేతిలో చేట ఉంది. నేను చూసుకోలేదు.

జనవరి 28

లక్ష్మి మాట్లాడటం లేదు.

జనవరి 29

ఇంకా మాట్లాడటం లేదు. కూర గిన్నె కూడా రాలేదు అటునుంచి. ఎప్పుడూ తను నాకో గిన్నె, నేను తనకో గిన్నె. ఇవాళ నా పులుసు నేనే తిన్నాను. ఉప్పెక్కువైంది. ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.

జనవరి 31

పెరటి మధ్యలో ట్రాక్టరు ఇటుకలు దింపింది. మరిది శ్రీను తల గోక్కుంటూ నిలబడ్డాడు. "గోడ పెట్టేద్దాం వదినా. ఎవరి చేపలు ఆళ్ళయి, ఎవరి మాట ఆళ్ళది..." పౌర్ణమి వెళ్ళాక మేస్త్రి వస్తాడట.

మా ఆయన వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండానే, "వాడి ఇష్టం" అన్నాడు. ఈయనకి వలలో చిరుగులు కనపడతాయి, ఇంట్లోవి కనపడవు.

గోడ లేస్తే నా పట్టా మీద పొద్దుటి ఎండ పడదు. పైకి చెప్పుకోవడానికి అదో కారణం. అసలు సంగతి అది కాదు. లక్ష్మి గొంతు వినకుండా ఆ పెరట్లో ఒక్కదాన్నే చేపలు తిరగేయడం నా వల్ల కాదు. దొంగ ఎవరో తేలితే గోడ ఆగుతుంది. తేల్చాలి.

ఫిబ్రవరి 2

సరుకుతో బెజవాడ వెళ్ళాను. అమ్మకం అయ్యాక కెమెరా కొన్నాను. కొట్టతను... "ఇక్కడ ఫోన్లో మాట్లాడితే అక్కడ కెమెరాలోంచి వినపడుద్దండీ. వానకి తట్టుకుద్ది, ఎండకి తట్టుకుద్ది." ఉప్పుగాలికో, అన్నాను. అతను నవ్వి ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

బందరు బండిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. దానికి కూడా చేపల వాసన పట్టేసింది. మనింటి వస్తువు అయిపోయింది.

ఫిబ్రవరి 5

ఎలక్ట్రీషియన్ యేసుబాబు వచ్చి నిచ్చెన వేశాడు. అందరూ కింద చేరి సలహాలు. మా ఆయన వీధివైపు పెట్టమంటాడు, తన పడవ ఇంజను పెట్టుకునే షెడ్డు కనపడాలని. అత్త ఈశాన్యం మూల బరువు పెట్టకూడదంటుంది. ఆ కెమెరా బరువెంత, కొబ్బరికాయంత లేదు! నాకు కావలసింది పెరడు. పెరడంతా కనపడేది లక్ష్మి వాళ్ళ ఇంటి గోడ మీది నుంచే. వైరు పెట్టడానికి ప్లగ్గు ఉన్నదీ వాళ్ళ వరండాలోనే.

అడిగేదెవరు? అత్తే రాయబారి. అటునుంచి జవాబు నాకు నేరుగానే వినపడింది. "పెట్టుకోమను అత్తా. మా గుమ్మం మాత్రం కనపడకూడదు."

యేసుబాబు స్క్రూ బిగిస్తుంటే నేను "కొంచెం కిందికి" అంటాను. లక్ష్మి గాలితో చెప్పినట్టు "కొంచెం పైకి" అంటుంది. కిందికి. పైకి. పాపం అతను... "అమ్మా, మీరిద్దరూ ఓ మాట మీదికొచ్చి చెప్పండి. ఈలోపు నేను దిగి అన్నం తినొస్తా."

చివరికి బిగించాక ఫోన్లో చూస్తే ముప్పాతిక ఆకాశం, అడుగున పట్టాల అంచు. కొంగలకి కాపలా పెట్టినట్టయింది.

ఫిబ్రవరి 8

మార్కెట్లో కూర్చున్నంతసేపూ ఫోన్ మోగుతూనే ఉంది. మనిషి వచ్చాడు... మనిషి వచ్చాడు... తెరిచి చూస్తే తెర నిండా ఓ మొహం. ఎర్రనాలుక, కోరమీసాలు, గుడ్లురుముతూ. గుండె ఆగినంత పనైంది.

దిష్టిబొమ్మ! అత్త కెమెరాకి ఎదురుగానే వేలాడదీసింది. గాలికి ఊగినప్పుడల్లా అది మనిషే అనుకుంటోంది కెమెరా.

ఇంటికొచ్చి అడిగితే... "కొత్త వస్తువు కదే మణీ, ఊళ్ళో కళ్ళన్నీ దాని మీదే." తీయబోతే చెయ్యి పట్టుకుంది. యేసుబాబుకి ఫోన్ చేస్తే గుణదల తిరునాళ్ళకి వెళ్ళాడు. అక్కడ మైకుల గోలలో నా గోల అతనికి వినపడలేదు.

ఫిబ్రవరి 9

పరువు పోయింది.

బొమ్మ కిందుగా నల్లగా ఏదో కదిలింది. కాకే అనుకున్నాను. మైకు నొక్కి గట్టిగా... "హుష్! పో! సిగ్గులేని జన్మ! పొద్దస్తమానం తిండేనా!"

నా ఎదురుగా రొయ్యలు ఏరుకుంటున్నావిడ చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది. అక్కడ పెరట్లో ఉన్నది కాకి కాదు, మరిది తలకాయ. గట్టు మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడట పాపం. "వదిన గోడలోంచి తిట్టింది" అని ఊరంతా చెప్పుకుంటున్నాడు. లక్ష్మి ప్లగ్గు పీకేసింది.

ఫిబ్రవరి 11

తెర నల్లగా ఉంది. అత్త మళ్ళీ రాయబారానికి వెళ్ళింది. షరతు తెచ్చింది. కాకిని తిట్టాలంటే ముందు "కాకీ" అని పిలిచి, తరవాత తిట్టాలట. ఒప్పుకున్నాను. ఒప్పుకోక చస్తానా.

ఫిబ్రవరి 12

"కాకీ! ఓ కాకీ! నిన్నే!"

పక్క బుట్టావిడ నన్ను ఎలా చూసిందో రాయను.

ఇప్పుడు అత్తకి ఇదో కాలక్షేపం. కెమెరా కింద పీట వేసుకుని నాకు జవాబులు చెబుతోంది. కాకి పోయింది, తను చద్దన్నం తిన్నది, మోకాలు సలుపుతోంది, బెజవాడ నుంచి తమలపాకులు తేవాలి. నేను చెవిటిదాన్నన్నట్టు అరుస్తోంది.

ఫిబ్రవరి 14



మార్కెట్లో ఫోన్ తెరిస్తే ఆ ముప్పాతిక ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. ఈ నెలలో వానేమిటి! మగవాళ్ళు సముద్రం మీద. అత్త గొంతు వినపడటం లేదు. పట్టాల మీద రెండిళ్ళ కష్టం. కాకి సంగతీ షరతు సంగతీ మరిచిపోయి అరిచాను... "లక్ష్మీ! వానొస్తోంది! నెత్తళ్ళు!"

పరుగున వచ్చింది. ముందు నా పట్టానే లాగింది. తనది కాదు, నాది. లాగుతూ, తల ఎత్తకుండానే... "కనపడతందిలే అక్కా, ఎందుకట్టా అరుస్తావ్!"

అన్నాక గుర్తొచ్చినట్టుంది. నోరు మూసుకుని మొహం అటు తిప్పుకుంది. తన పట్టా లాగేలోపు సగం తడిసింది.

అక్కా అంది. బుట్టల మధ్యన కూర్చుని ఏడ్చాను. ఎవరో అడిగితే ఎండురొయ్యల ఘాటు అని చెప్పాను.

ఫిబ్రవరి 15

యేసుబాబు వచ్చాడు. అత్తని బతిమాలి దిష్టిబొమ్మని పక్కకి జరిపాడు. అతను ఇంకా నిచ్చెన మీద ఉండగానే లక్ష్మి వరండాలోంచి... "దాన్ని కిందికి తిప్పమను అత్తా. మబ్బులు చూసుకుని ఏం చేస్తది? మా గుమ్మం కనపడితే కనపడనీ. నేనేం దాచుకున్నానని?"

తల ఎత్తలేకపోయాను. దొంగ అయితే ఆ మాట అంటుందా?

యేసుబాబు కిందికి తిప్పాడు. అత్త మాత్రం "పైకే ఉండనీరాదే, మబ్బు తెలుస్తది" అని గొణిగింది. ఎందుకో అర్థం కాలేదు.

ఫిబ్రవరి 17

అర్థమైంది.

మిట్టమధ్యాహ్నం, లక్ష్మి నిద్రపోయే వేళ. మార్కెట్లో కూర్చుని కళ్ళారా చూశాను. అత్త చేట పట్టుకుని వచ్చింది. నా పట్టా మీది నెత్తళ్ళు చేటెడు తీసి లక్ష్మి పట్టా మీద పోసింది. అక్కడినుంచి రొయ్యలు ఎత్తి నా పట్టా మీది రొయ్యల్లో కలిపింది. వెనక్కి జరిగి రెండూ చూసుకుంది. నచ్చలేదు. ఓ గుప్పెడు మళ్ళీ అటు వేసింది.

మామ ఉన్నప్పుడు ఇంటికి పడవ ఒక్కటే. ఒడ్డుకి రాగానే చేపలు రెండు కుప్పలు పోసేవారు, పెద్దకొడుక్కి ఒకటి, చిన్నకొడుక్కి ఒకటి. ఎవరికీ తక్కువ కాకుండా సరిచూసేది అత్తే. ఇప్పుడు పడవలు రెండయ్యాయి, పొయ్యిలు రెండయ్యాయి. అత్త మాత్రం సరిచూడటం మానలేదు.

నెత్తళ్ళు తగ్గడమే చూశాను, నా రొయ్యలు పెరగడం చూసుకోలేదు. అంటే లక్ష్మికీ రొయ్యలు తగ్గే ఉంటాయి. ఒక్కమాట అనలేదు. నోరు పారేసుకున్నది నేనొక్కదాన్నే.

ఇది లక్ష్మికి చూపిస్తే అన్నీ తేలిపోతాయి. కానీ ఇద్దరు కోడళ్ళ ముందు, కొడుకుల ముందు, అత్త చేట పట్టుకుని దొంగలా నిలబడాలి. నా వల్ల కాలేదు. ఫోన్లో పడిన ఆ వీడియో చెరిపేశాను. ఇంటికొచ్చాక లక్ష్మి గుమ్మం దాకా వెళ్ళాను. తలుపు వేసి ఉంది. కొట్టడానికి ధైర్యం చాల్లేదు. రేపే మేస్త్రి వచ్చేది.

ఫిబ్రవరి 18

బందరు బండిలో రాస్తున్నాను. అక్షరాలు కుదుపుకి ఎటో పోతున్నాయి.

పొద్దున బెజవాడలో బుట్ట దించగానే ఫోన్ తెరిచాను. మేస్త్రి వచ్చేశాడు. మా పట్టాకీ వాళ్ళ పట్టాకీ మధ్యన దారం కడుతున్నాడు. మైకు నొక్కాను.

"లక్ష్మీ... తప్పు నాదే. నెత్తళ్ళు ఎవరూ తీయలేదు. నేనే నోరు జారాను."

మేస్త్రి ఉలిక్కిపడి గోడకేసి చూశాడు. అత్త కూడా చూసింది. లక్ష్మి నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చి సరిగ్గా కెమెరా కింద నిలబడింది.

"అన్నప్పుడేమో ఊరంతా ఇనేలా అన్నావ్. ఇప్పుడు గోడలోంచి గొణుగుతావా? ఇంటికొచ్చి నా ఎదురుగా చెప్పు. నువ్వొచ్చేదాకా మేస్త్రి టీ తాగుతా ఉంటాడు."

బుట్ట పక్కావిడకి అప్పజెప్పి స్టేషనుకి పరుగు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను, ఒక్క మాటా నిలవడం లేదు.

గుడివాడ. బండి ఆగింది. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. కిటికీ పక్కాయన "ఇప్పట్లో కదలదండీ" అంటున్నాడు, అదేదో శుభవార్త అన్నట్టు.

ఫోన్ తెరిచాను. మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. తాపీ అందుకున్నాడు. లక్ష్మి లోపలికి వెళ్ళి మళ్ళీ టీ పోసుకొచ్చింది. అతను వద్దంటున్నాడు. తాగేశానమ్మా అని గ్లాసు చూపిస్తున్నాడు. లక్ష్మి ఓసారి వీధివైపు చూసి, అతని చేతిలోంచి తాపీ లాక్కుని గ్లాసు పెడుతోంది...