పెళ్ళికి మళ్ళీ ఇష్టం అడగవద్దని మనవి

బిషప్ మేత్రాణుల వారి సముఖమునకు, పలమనేరు దగ్గరి చర్చి విచారణకు చెందిన కృపారాణి, భర్త లోకేష్ (భర్త అవునో కాదో తమరే తేల్చాలి) రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: షెడ్డులో జరిగిన మా పెళ్ళి చెల్లుతుందని ఉత్తరువు ఇప్పించుట గురించి.

1. మా పాత ఫాదర్‌ను తమరు బదిలీ చేయగా, ఆయన పోనని మొండికేసి, గుడి ఎదురుగానే రేకుల షెడ్డు వేసి పూజలు మొదలుపెట్టారు. తమరు ఆయనను సస్పెండు చేసి, పెళ్ళిళ్ళు జరిపించే అధికారం తీసేశారు. మా నాయనతో సహా సగం ఊరు ఆయన వెంటే నడిచింది. నా పెళ్ళి ఆ షెడ్డులోనే జరిగినది. సస్పెన్షన్ కాగితం గుడి తలుపుకు అంటించామని తమ వారు అంటున్నారు. గుడికే రాని వాళ్ళం గుడి తలుపు ఎట్లా చదువుతాము?

2. పాత ఫాదర్ కాలం చేశాక షెడ్డు మూతపడి, అందరమూ గుడికి తిరిగి వచ్చితిమి. కొత్త ఫాదర్ తీర్పు ఏమనగా, పాత ఫాదర్ చేత్తో ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లును, కావున నా బిడ్డ క్రైస్తవురాలు. అదే చేత్తో జరిపించిన పెళ్ళి చెల్లదు, కావున నేను పెళ్ళికాని తల్లిని. ఒక చేతికి రెండు న్యాయాలా? మాత పండుగ పూజలో నేను నోరు తెరిచి నిలబడితే సత్ప్రసాదం నన్ను దాటి పక్కామెకు పోయినది. ఊరంతా చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

3. "మళ్ళీ పెళ్ళి చేసుకోండమ్మా, పది నిమిషాల పని" అని ఫాదర్ సలహా. బలిపీఠం ముందు నిలబెట్టి "మనస్ఫూర్తిగా ఇష్టమేనా?" అని ఇద్దరినీ అడుగుతారట. మొదటిసారి ఆ మనిషి సంగతి తెలియక అవునన్నాను. ఇప్పుడు అన్నీ తెలుసు. పీఠం ముందు నాచేత అబద్ధమాడిస్తారా? మా ఆయనైతే టీ అంగడిలో తన స్నేహితుడు మునిశేఖర్‌తో "నాకింకా పెండ్లే కాలేదంటప్పా" అని చెప్పి నవ్వినాడట.

4. ఎవరినీ నిలబెట్టకుండా, కూర్చున్న చోటి నుంచే పాత పెళ్ళిని మొదలంటా సరిచేసే అధికారం తమకు ఉన్నదని మాకు జపాలు నేర్పే ఉపదేశి చంద్రకాంతమ్మ చెప్పినది. ఆంబోతులు పోట్లాడి లేగల కాళ్ళు విరగ్గొట్టినట్టు తమరి తగవులో విరిగింది నా కాపురం. కట్టు కూడా తమరే కట్టవలెను.

ఇంతకు మించి కోపం ఈ కాగితంలో పట్టదు గనుక చిత్తగించవలెను.

తిట్టుకుంటున్నా తమ విధేయురాలే,
కృపారాణి

తా.క. ఆ ఉత్తరువు ఇచ్చేముందు కూడా, ఇద్దరికీ ఇంకా ఇష్టం ఉందో లేదో విచారిస్తారని చంద్రకాంతమ్మ ఇప్పుడే చెప్పింది. నన్ను ఎన్నిసార్లయినా అడగండి, అవుననే అంటాను. పైన రాసింది కోపం. ఆయనను మాత్రం అడగొద్దు సామీ. ఏమంటాడో నాకు తెలియదు.