కోట దాకా దిగకుండా

అక్కా, మేం క్షేమం. నా మోకాలి గురించి బెంగపడకు. ఆర్నెల్ల కిందట మంచం దిగడానికి నీ భుజం పట్టుకున్నదాన్ని, నిన్న సరస్సుల పక్కన కొండదారిలో పాతకోట దాకా ఎక్కడా దిగకుండా సైకిల్ తొక్కాను! "ఆపరేషనైన కాలు, దిగి నడువు" అని పొద్దుటి నుంచి నసపెట్టిన మీ మరిదిగారు సగం ఎత్తులోనే దిగిపోయారు. నేను కూలిన బురుజు మీద కూర్చుని చూస్తుంటే, సైకిల్ తోసుకుంటూ రొప్పుతూ వచ్చారు.

"ఏమండీ, బండి పాడైందా?" అన్నాను.

"బండి బాగానే ఉంది. పాడైంది నేనే" అన్నారు. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

మా పిల్లి సరిగా తింటోందా? మిషను మీద వదిలొచ్చిన నీలం జాకెట్టుకి హుక్కులు కుట్టి టీచరమ్మకి ఇచ్చెయ్యి, పెళ్ళికి వెళ్ళాలట. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఈయన ఇంకా నిద్ర లేవలేదు. లేచేలోగా కింది సరస్సు ఒక చుట్టు చుట్టి వస్తాను.

నీ చెల్లి