గాలి దారిలో నాలుగు పొట్లాలు

తావ్‌యువాన్,
అక్టోబరు 6, ఆదివారం.

చిరంజీవి కై-లున్‌కి నాయనమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమమే. మీ నాన్నకి జలుబు, నాకు మోకాళ్ళ నొప్పులు, మీ అమ్మకి మా ఇద్దరితో విసుగు. ఇవి కాక కొత్తవేమీ లేవు. నువ్వు క్షేమమని రాస్తూనే ఆ తుంగ్‌యిన్ దీవిలో గాలికి చేతిలో అన్నం గిన్నె నిలవడం లేదని కూడా రాశావు. ఏడాదిపాటు సైన్యంలో సముద్రాన్ని కాపలా కాయడానికి నిన్ను పెట్టారు. అది ఎక్కడికీ పోదు గాని, నువ్వు మాత్రం మెడకి మఫ్లరు చుట్టుకో. మీ అమ్మ అనాస కేకులు, దగ్గు మందు కలిపి ఒకే పెట్టెలో పంపింది. రెండూ ఒకే వాసన వస్తే నన్ననకు.

నీ ఉత్తరం పదకొండు రోజులకి చేరింది. పడవ నడవలేదట. నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను.

ప్రాసెసర్ కాలిపోయిందా అని అడిగావు. లేదు. నిక్షేపంగా ఉంది. వేడి వందకి చేరగానే తనంతట తనే నడక తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంది. మన ఇంట్లో ఆపాటి తెలివి ఉన్నది దానికొక్కదానికే.

నా చేతులేమైనా కాలాయా అని అడిగావు. కాలలేదు. అడిగినందుకు సంతోషం.

మూడోది నువ్వు అడిగింది కాదు, చెప్పింది. "నాయనమ్మా, సినిమా గడువుకి పంపలేకపోయినందుకు నువ్వేం బాధపడకు. ఆ పొట్లాలు నువ్వు తెలియక పెట్టావు. పెద్దవాళ్ళకి అవన్నీ ఎలా తెలుస్తాయి!" అని రాశావు. అక్కడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. కన్నీళ్ళనుకునేవు, కాదు. ఒళ్ళు మండింది. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోను ఆదివారం గంటసేపు నీ చేతికిస్తారు, ఆ గంటసేపూ మీ నాన్న నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

మొదట ఏం చేశానో చెప్తాను, ఎందుకు చేశానో తర్వాత.

ఆగస్టులో నువ్వు సెలవు మీద వచ్చి, రెండేళ్ళుగా గీస్తున్న సినిమా పూర్తి చేశావు. మూడువేల రెండువందల బొమ్మలు. ఒక్కొక్కటీ కంప్యూటరు రంగులూ నీడలూ లెక్కకట్టి తయారుచెయ్యాలి. నలభై రోజుల పని. బొమ్మల కళాశాల వాళ్ళ పోటీకి ముప్పై ఎనిమిది రోజుల గడువు. ఆ లెక్క నీకు పడవ ఎక్కే ముందురోజు తోచింది! ప్రాసెసర్ వేగం పెంచితే సరిపోతుంది, కానీ మెట్టు మెట్టుకీ పరీక్షించే వ్యవధి నీకు లేదు. నాలుగు పేజీల కాగితం నా చేతిలో పెట్టి, "ఓవర్‌క్లాకింగ్ నువ్వే చెయ్యి నాయనమ్మా. నాన్నకైతే ఓపిక ఉండదు" అన్నావు.

మీ నాన్న వెక్కిరించాడు. "అమ్మా, డెబ్భై నాలుగేళ్ళకి నీకిదేం సరదా?"

"వాడు నాకు అప్పజెప్పాడు. నీకు అప్పజెప్పలేదుగా," అన్నాను.

నీ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. కంప్యూటరు లేచేటప్పుడు డిలీట్ మీట నొక్కి లోపలి పట్టికలోకి వెళ్ళడం. నలభై రెండు ఉన్న వేగం అంకెని నలభై మూడు చెయ్యడం, అంతే, ఇంకేదీ ముట్టుకోకుండా. వోల్టేజీని దాని ఇష్టానికి వదిలితే భయపడి అవసరానికి మించి ఇచ్చేస్తుందన్నావు. నువ్వు చెప్పిన చోట కట్టేశాను. గంటసేపు బరువైన పరీక్ష. వేడి ఎనభై అయిదు దాటకూడదు. పుస్తకంలో రాసుకోవడం. అప్పుడు నలభై నాలుగు. నలభై ఎనిమిది దగ్గర తెర నీలంగా మారి బిగుసుకుపోయింది. తిట్టలేదు. ఒక మెట్టు దిగి నలభై ఏడు దగ్గర మళ్ళీ పరీక్షించి, అక్కడే ఉంచాను. కింద ఫోన్లు బాగుచేసే చ్వాంగ్ మెట్ల మీద ఎదురై, "పిన్నీ, నాది యాభై మీద పరుగెడుతోంది, నువ్వింకా నలభై ఏడేనా?" అన్నాడు. "నీది నీది, నాది నాది. ఏ రెండూ ఒకే పొయ్యిలో పుట్టినా ఒకలా ఉండవు. ఆ మాత్రం తెలియకుండానే కొట్టు పెట్టావా?" అన్నాను. నాకు తెలుసు మరి. మదర్‌బోర్డుల ఫ్యాక్టరీలో, వేడి గదిలో ఇరవై నాలుగేళ్ళు చేశాను. బోర్డుల్ని ఉడికించే వేడిలో నడిపించి, బలహీనమైనవి కొన్నవాళ్ళ ఇంట్లో కాక మా కళ్ళ ముందే చచ్చేలా చూడడం మా పని.

ఆకుపచ్చ పొట్లం సంగతి కూడా నాకు నువ్వు చెప్పక్కర్లేదు. యంత్రం బుద్ధిగా ఉండాలంటే దాని దగ్గర, పేరులోనే 'బుద్ధిగా ఉండు' అని ఉన్న ఆ కొబ్బరి బొరుగుల పొట్లం పెట్టాలి; ఆకుపచ్చదే కావాలి, తేదీ దాటకూడదు, తినకూడదు. మా గదిలో వరసకొకటి ఉండేది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని యంత్రం నెత్తిన, గాలి బయటికి పోయే జాలీ మీద పెట్టేవాళ్ళు. "పక్కన పెట్టవే! దాని ముక్కు మూసి బుద్ధిగా ఉండమంటే ఎలా ఉంటుంది?" అని ఇరవై నాలుగేళ్ళు అరిచింది ఎవరనుకున్నావు?

నీ యంత్రానికీ పక్కనే పెట్టాను, మొదటి పందొమ్మిది రోజులు.

ఒక్కో బొమ్మకి పదహారు నిమిషాలు పట్టేది. తెర మీద అరచేతంత గళ్ళు గళ్ళుగా నిండుతూ వచ్చేది. నేను భోజనం పళ్ళెం తెచ్చుకుని అక్కడే కూర్చునేదాన్ని. వాన, స్కూటర్లు, ఫ్యాక్టరీ బస్సు, మన పాతింటి మెట్లు. ఎంత బాగా గీశావురా అనుకున్నాను. ఇరవయ్యో రోజు వంటగది వచ్చింది. బల్ల. బల్ల ముందు కుర్రాడు. లెక్కల పరీక్ష కాగితం మీద ఎర్ర సిరాతో తొంభై మూడు. తలుపు దగ్గర నీలం ఏప్రనులో ఒక ఆడమనిషి, చేతిలో వెదురు బద్ద.

ముఖం నీడలో ఉంచావు. మర్యాద. కానీ ఎడమ మణికట్టుకి ఫ్యాక్టరీ పట్టీ ఉంది, బోర్డులకి కరెంటు తగలకుండా మేం కట్టుకునే పట్టీ. దాని చుట్టల తీగ ఆమె వెనకాల నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. ఇది మాత్రం అబద్ధం, అది ఫ్యాక్టరీలోనే విప్పేస్తాం, అనుకున్నాను. మధ్యాహ్నానికి గుర్తొచ్చింది. ఒక్కరోజు విప్పడం మరిచిపోయి, తీగతో సహా బస్సెక్కి ఇంటికొచ్చాను. బస్సులో అందరూ నవ్వారు. ఆ కోపంతోనే ఇల్లు చేరాను. ఆ రోజన్నమాట.

వందకి ఎన్ని తగ్గితే అన్ని దెబ్బలు. అప్పట్లో ఏ ఇంట్లోనైనా అదే లెక్క, బడిలోనూ అదే. తొంభై మూడుకి ఏడు. మీ నాన్న ఈ సంగతి నాతో ఎన్నడూ ఎత్తలేదు. నీతో ఎప్పుడు చెప్పాడో, ఎంత చెప్పాడో గాని, తీగ చుట్టలతో సహా చెప్పాడు.

నేనొక దెబ్బ అరక్షణంలో వేసి ఉంటాను. నీ బొమ్మల్లో అది పన్నెండు బొమ్మలు. నీ యంత్రం దాన్ని మూడు గంటల పైచిలుకు వేసింది. బద్ద లేవడానికి గంట, దిగడానికి గంట. కుర్రాడి భుజాలు ముడుచుకోవడం పదహారు నిమిషాలకొకసారి కొంచెం కొంచెంగా చూశాను. రెండో దెబ్బ అయింది. మూడోదీ అయింది. ఇంకా నాలుగున్నాయని నాకు తెలుసు.

లేచి చెప్పులేసుకుని మూల కొట్టుకి వెళ్ళి మరో మూడు ఆకుపచ్చ పొట్లాలు కొన్నాను. పక్కనున్నదాన్నీ తీసి, నాలుగింటినీ పైన జాలీ మీద సందు లేకుండా పరిచాను. వేడి తొంభై, తొంభై ఆరు, వంద. తర్వాత అది నడక తగ్గించింది. నా పుస్తకంలో ఆ రోజు నుంచి గళ్ళు ఖాళీ.

తెలియక పెట్టలేదు కై-లున్. తెలిసే పెట్టాను. ఈ సినిమా ఎవరూ చూడకూడదని పెట్టాను. పోటీలో కూర్చున్న అపరిచితులు నా చేతిని చూడకూడదని పెట్టాను.

దాని ఫలితం ఏమిటో వింటే నవ్వుతావు. దెబ్బలు ఆగలేదు. ఇంకా నెమ్మదిగా వచ్చాయి. నాలుగోది ఆరు గంటలు పట్టింది. ఏడూ చూశాను.

గడువు నాటికి ఆరువందల బొమ్మలు మిగిలిపోయాయి. మీ నాన్న వచ్చి చూసి, పొట్లాలు ఒక్కొక్కటే ఎత్తి పగలబడి నవ్వాడు. "ఒకటి పెడితే మాట వింటుంది, నాలుగు పెడితే నిద్రపోతుందమ్మా!" మీ అమ్మ కూడా నవ్వి, "పోనీలెండి అత్తయ్యా, భక్తి ఎక్కువైంది" అంది. ఆ తర్వాత మీ నాన్న, "ఇన్నేళ్ళు వేడి గదిలో చేసి గాలి ఎటు పోతుందో తెలియదా నీకు?" అని నవ్వుతూనే మొదలుపెట్టి, సగంలో నా ముఖం చూసి ఆగిపోయాడు. పొట్లాలు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాడు. నీకు ఫోను చేసి, పెద్దావిడ తెలియక చేసిందని చెప్పింది అతనే.

నేనూ ఊరుకున్నాను. చదువుకున్నదాన్ని, ముగ్గురి చేత వెర్రిబాగులదాన్ననిపించుకుని ఊరుకున్నాను. అదే సుఖంగా ఉంది, నీ ఉత్తరం వచ్చేదాకా.

నిన్న మీ నాన్న కాకరకాయ సూప్ తాగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"నేను తెలిసే పెట్టాను," అన్నాను.

"తెలుసు," అన్నాడు. చెంచా ఆపలేదు.

"బొమ్మలు చూశాను."

"చూసే ఉంటావులే."

"అన్ని దెబ్బలూ గుర్తున్నాయా నీకు?"

"ఉప్పు తగ్గిందమ్మా," అన్నాడు. కాసేపటికి గిన్నె పక్కకి నెట్టి, "వాడికి మాత్రం చెప్పకు. వాడి దృష్టిలో నువ్వు తెలియనిదానివిగానే ఉండు. వాడికి ఒక్క నాయనమ్మే కదా" అన్నాడు.

నా చేత దెబ్బలు తిన్నవాడు నాకు ముసుగు కప్పుతున్నాడు. దానికంటే బద్ద మేలు. అందుకే అతని మాట తోసేసి నీకు రాస్తున్నాను.

గడువు దాటిన మర్నాడే జాలీ తుడిచి, అంకె నలభై ఏడు దగ్గరే ఉందని చూసుకుని, మిగతా ఆరువందలూ పూర్తిచేయించాను. వేడి డెబ్భై తొమ్మిది దాటలేదు. పుస్తకంలో రాశాను. మార్చిలో ఇంకో పోటీ ఉందని మీ నాన్న చెప్పాడు. అది నీ ఇష్టం. ఆ ముఖం మీద వెలుతురు పెట్టాలనుకుంటే అదీ నీ ఇష్టమే. నన్నడగకు.

ఆ ఆరువందల బొమ్మల్లో ఏముందో నీకు తెలుసు, చూసేదాకా నాకే తెలియదు. ఆమె బద్ద మూలన పెట్టి అన్నం వడ్డించడానికి వెళుతుంది. తీగ కుర్చీ కాలి కింద ఇరుక్కుంటుంది. ఆమె చూసుకోదు. కుర్రాడు వాచిన చేత్తో కుర్చీ కొంచెం పైకెత్తి తీగని వదిలిపెడతాడు.

ఇలా జరిగిందా? నాకు గుర్తులేదు. నేను వెనక్కి తిరిగి చూసిన మనిషిని కాదు. మీ నాన్నని అడగడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

ఆ పొట్లాలు విప్పి తినేశాను. మెత్తబడ్డాయి. తెలియక చేశానని నువ్విచ్చిన క్షమని ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను, నీ ఉత్తరంలోని ఆ పేజీ చించి. తెలిసి చేసినదానికి ఏమిస్తావో తాపీగా ఆలోచించుకో. పడవ ఎలాగూ ఆలస్యమే.

ఇట్లు,
గాలి ఎటు పోతుందో బాగా తెలిసిన
నీ నాయనమ్మ,
లియావ్ యుయే-షియా.