తొమ్మిది రోజుల పిల్లాడి పేరు

మస్కట్, 1976. గురువారం రాత్రి.

నేను పనిచేసే ఇంటి దొరసాని మీద ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. వాళ్ల వంశవృక్షాన్ని పటం కట్టించి హాల్లో పెట్టింది. పొద్దున నేను దుమ్ము తుడుస్తుంటే వెనకే నిలబడి వచ్చీరాని హిందీలో ఒకటే గొప్పలు. ఏడు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో కోటలేలిన ప్రభువులట. పైమూల చిన్న పేరొకటి చూపించి, "వీడు తొమ్మిది రోజులే బతికాడు. అయినా మావాడే కదా" అంది. చేతిలో గుడ్డ ఆమె మొహాన కొట్టాలనిపించింది.

నా కొడుకు శీను పంతొమ్మిదేళ్లు బతికాడు. పోయినేడు ఇక్కడే సైట్‌లో గోడ కూలి పోయాడు. రూమ్‌కు రాగానే మా ఆయన్ని అడిగాను, ఊళ్లో మన వంశం పాడే పిచ్చిగుంట్లాయన వస్తే శీను పేరు కూడా కలిపించమని వాళ్లన్నకు ఉత్తరం రాయమని.

"పెండ్లిగాని పోరని పేరు వంశంల చెప్తరానే? నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్. తెల్లోళ్లకున్న బుద్ధి గూడ నీకు లేదా?"

అన్నం తినకుండా పడుకున్నాడు. పడుకోనీ.

కానీ పొద్దున ఆ పటం దగ్గరే దొరసాని నన్ను అడిగింది, నీకెంతమంది పిల్లలని. ఒక్క కూతురు అన్నాను. ఇంకేమీ అడగకుండా ఉంటుందని అలా అనేశాను. మొగుణ్ణి తిట్టాను గానీ, శీనును లెక్కలోంచి ముందు తీసేసింది నేనే...